ఎత్తకముందే అయిపోవాల్సిన పని

మన క్యాంపస్‌లో కొత్త బ్లాక్ పని మొదలైనప్పటి నుంచి హాస్టల్ టు మెస్ షార్ట్‌కట్ ఏదో అందరికీ తెలుసు. ఎర్ర టేపు కింద నుంచి వంగి దూరితే రెండు నిమిషాలు కలిసొస్తుంది. నేనూ దూరేవాణ్ణి. పైన క్రేన్‌కి ఇనుప చువ్వల కట్ట వేలాడుతున్నా ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పుడు వెళ్ళట్లేదు. ఎందుకో ఈ వ్యాసంలో చెప్తాను. పైథాన్ గురించి రాస్తానని మాటిచ్చిన ఎడిటర్‌కి సారీ.

మా బాబాయ్‌ది ఉద్దానం. చాలా ఏళ్ళుగా సింగపూర్‌లో రిగ్గర్‌గా పనిచేస్తున్నాడు. అంటే బరువులకి స్లింగులు కట్టి క్రేన్ కొక్కేనికి తగిలించే పని. పోయిన వేసవిలో లిఫ్టింగ్ సూపర్‌వైజర్ కోర్సుకి చదువుతూ, "నోట్సంతా ఇంగ్లీషులో ఉందిరా, నువ్వు చదివి తెలుగులో చెప్పు" అని రోజూ రాత్రి వీడియో కాల్ చేసేవాడు. నాకు ఇంగ్లీషు వచ్చు, క్రేన్ తెలీదు. ఆయనకి క్రేన్ తెలుసు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇద్దరం కలిసి నేర్చుకున్న పాఠం ఇది.

ఎవరి పని ఏంటి?

సింగపూర్‌లో 2011 నుంచి క్రేన్ల వాడకానికి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం బరువు ఎత్తే ముందు రాతపూర్వకంగా లిఫ్టింగ్ ప్లాన్ ఉండాలి. ఆపరేటర్ క్రేన్ నడుపుతాడు, రిగ్గర్ బరువు కడతాడు, సిగ్నల్‌మ్యాన్ సైగలు చేస్తాడు. వీళ్ళందరూ ప్లాన్ ప్రకారం చేస్తున్నారా లేదా చూసేవాడు లిఫ్టింగ్ సూపర్‌వైజర్. మన దేశంలో కూడా నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం, 1998లో దాని కేంద్ర నియమాలు వచ్చాయి. బరువులెత్తే యంత్రాలకి ఆ నియమాల్లో ఒక అధ్యాయమే ఉంది.

సూపర్‌వైజర్ అంటే కింద నిలబడి అరిచేవాడని నేననుకునేవాణ్ణి. కాదు. ఆయన పని చాలా వరకు బరువు నేల మీద ఉండగానే అయిపోవాలి. గాల్లోకి లేచాక తప్పు దిద్దుకునే టైం ఉండదు.

మొదటి లెక్క: బరువు, దూరం

క్రేన్ మీద "50 టన్నులు" అని రాసి ఉంటే అన్నిచోట్లా 50 టన్నులు ఎత్తుతుందని కాదు. క్రేన్ తిరిగే కేంద్రం నుంచి కొక్కెం ఎంత దూరంలో ఉంటే సామర్థ్యం అంత తగ్గుతుంది. ఈ వివరాలన్నీ ఉండే పట్టికని లోడ్ చార్ట్ అంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. చార్ట్‌లో 8 మీటర్ల దగ్గర 6 టన్నులు, 12 మీటర్ల దగ్గర 3.5 టన్నులు అని ఉందనుకోండి. మన బరువు 3.2 టన్నులు. 12 మీటర్ల దూరంలో దించాలి. సరిపోతుంది అనిపిస్తుంది కదా? కానీ కొక్కెం బ్లాక్ 0.3, స్లింగులూ షాకిల్సూ 0.1 కలపండి. మొత్తం 3.6. దాటిపోయాం. క్రేన్‌ని దగ్గరికి జరపాలి, లేదా పెద్ద క్రేన్ తేవాలి. "కొంచెమే కదా" అనే మాటకి ఇక్కడ చోటు లేదు.

రెండో లెక్క: స్లింగ్ కోణం

2 టన్నుల దూలాన్ని రెండు స్లింగులతో ఎత్తితే ఒక్కోదాని మీద ఎంత పడుతుంది? ఒక టన్ను అని టక్కున చెప్పేశా. బాబాయ్ నవ్వాడు. "నిటారుగా ఉంటేనేరా ఒక టన్ను. స్లింగులు ఎడంగా పోయేకొద్దీ లాగుడు పెరిగిపోద్ది."

పేపర్ మీద లెక్కేశా. నేలకి సమాంతరంగా ఉండే గీతతో స్లింగ్ 60 డిగ్రీల్లో ఉంటే ఒక్కోదాని మీద సుమారు 1.15 టన్నులు, 45 డిగ్రీల్లో 1.41, 30 డిగ్రీల్లో ఏకంగా 2 టన్నులు. అంటే ఒక్కో స్లింగూ మొత్తం బరువు మోస్తున్నట్టే! ఇంటర్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన సైన్ తీటా మా బాబాయ్‌కి చేతుల్లో ఉంది.

నేల, గాలి, మనుషులు

క్రేన్ పక్కకి చాచే కాళ్ళ కింద నేల గట్టిగా ఉండాలి. ఈమధ్యే పూడ్చిన గొయ్యో, కింద డ్రైనేజీ పైపో ఉంటే కాలు దిగబడుతుంది. అందుకే కాళ్ళ కింద వెడల్పాటి పలకలు వేస్తారు. దగ్గర్లో కరెంటు తీగలున్నాయా అన్నది కూడా ముందే చూడాలి.

గాలి సంగతి ఇంకా పెద్దది. 2015 సెప్టెంబర్ 11న మక్కాలో పెద్ద మసీదు విస్తరణ పనుల దగ్గర ఈదురుగాలికి భారీ క్రేన్ కూలి వంద మందికి పైగా చనిపోయారు. ఆ సమయంలో అది ఏ బరువూ ఎత్తడం లేదు. పని లేనప్పుడు దాని పొడవాటి బూమ్‌ని దించి ఉంచకపోవడం తప్పని తర్వాత విచారణలో తేలింది. అంటే పని ఆగాక కూడా సూపర్‌వైజర్ పని ఆగదు.

ఇక మనుషులు. సైట్‌లో తెలుగు, తమిళం, బెంగాలీ, చైనీస్ అన్నీ వినిపిస్తాయి. పని ముందు అందర్నీ నిలబెట్టి వివరించాలి. బాబాయ్ చెప్పిన చిట్కా నాకు బాగా నచ్చింది: "అర్థమైందా అని అడగకూడదురా, అందరూ తలూపుతారు. నువ్వెక్కడ నిలబడతావో చూపించు అనాలి."

ఆ తర్వాత బరువుని నేల నుంచి కొన్ని అంగుళాలు లేపి ఆపాలి. ఒరుగుతోందా, బ్రేకు పట్టిందా, ముడులు జారుతున్నాయా చూసుకుని అప్పుడే పైకి.

ఆపు!

సైగలు ఒక్క సిగ్నల్‌మ్యానే చెయ్యాలి. కానీ "ఆపు" అనే సైగ ఎవరు చేసినా ఆపరేటర్ ఆపాల్సిందే. ఈ పాయింట్ చదివినప్పుడు బాబాయ్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు.

సింగపూర్ వెళ్ళకముందు ఇక్కడే ఒక సైట్‌లో కొత్తగా చేరిన రోజులవి. పైపుల కట్టకి స్లింగు సర్దుతున్నాడు ఆయన స్నేహితుడు. చెయ్యి ఇంకా స్లింగుకీ పైపుకీ మధ్యలోనే ఉంది. మేస్త్రీ అటు చూడకుండా పైకి అని సైగ చేశాడు. బాబాయ్ చూశాడు. "కొత్తోణ్ణి, మేస్త్రీ మాటకి అడ్డం చెప్తే ఏటనుకుంటాడో అని ఒక్క క్షణం ఆగాను రా. అంతే." స్నేహితుడికి రెండు వేళ్ళు పోయాయి. ఇప్పుడు ఊళ్ళో కిరాణా కొట్టు నడుపుతున్నాడట. బాబాయ్ ఊరికెళ్ళినప్పుడల్లా ఆ కొట్లోనే సామాన్లు కొంటాడు.

బాబాయ్ పాసయ్యాడు. ఇప్పుడు తన టీంలో కొత్తవాళ్ళకి మొదటి రోజే "ఆపు" సైగ నేర్పించి, తన ముందే చేసి చూపించమంటాడట. అనవసరంగా ఆపినా ఎవర్నీ తిట్టడట.

ఆ ఎర్ర టేపు కట్టింది కూడా అలాంటి ఒక సూపర్‌వైజరే. మనం వంగి దూరిన ప్రతిసారీ ఆయన వేసుకున్న లెక్కలో లేని ఒక మనిషి బరువు కిందకి వస్తున్నాడు. మెస్‌లో దోసె రెండు నిమిషాలు ఆగుతుంది. చుట్టూ తిరిగి వెళ్దాం.