ఆంక్షల సడలింపు – ధాన్యపు కాంటాయొద్ద ఎడము పాటించు విధము



అంటువ్యాధి వ్యాపించినప్పుడు జనులను ఇండ్లలో నిలిచియుండుడని శాసించుట యొక పని. ఆ శాసనమును సడలించి వారిని తిరిగి పొలములకును బజారులకును బంపుట మరియొక పని. ఈ రెండింటిలో రెండవదియే కష్టతరము. మొదటిదానికి పోలీసు జవానులు చాలుదురు; రెండవదానికి ప్రతి గ్రామమునందును ఆలోచించి చేసిన యేర్పాటు కావలెను. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి వచ్చినప్పుడు మన గరిడేపల్లి ప్రాంతమువారు ఈ రెండింటిని గూడ జూచియున్నారు. 2023 మే 5వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధినిగూర్చిన అంతర్జాతీయ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించినది. కావున ఇది తీరికగా కూర్చుండి ఆలోచించుటకు తగిన సమయము. కోతల కాలమున మరల నేదేని అంటువ్యాధి వచ్చినచో మన సంఘము ధాన్యపు కేంద్రము నెట్లు నడపవలెనో ఇప్పుడే తెలిసికొనుట మేలు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనుట తగదు గదా.

మొదట ఒక మాట. ఆ దినములలో పత్రికలవారును అధికారులును ‘సామాజిక దూరము’ అని వ్రాయుచు వచ్చిరి. ఆ పదము నాకు రుచింపలేదు. మన పల్లెలలో సామాజిక దూరము పూర్వమునుండియు నున్నదే. అది తగ్గవలసిన దూరము. ఇక్కడ కావలసినది మనిషికిని మనిషికిని నడుమ ఆరడుగులు, అనగా రెండు గజముల ఎడము. అది కులమునుబట్టి గాక అందరికిని సమానముగా వర్తించును. కావున ఈ వ్యాసమున ‘ఎడము’ అనియే వ్రాయుచున్నాను.

2020 మార్చి 22న దేశమంతట జనతా కర్ఫ్యూ జరిగినది. ఆ వెంటనే మన రాష్ట్రమున రాకపోకలు నిలిపివేయబడెను. సాగరు ఎడమకాలువ క్రింద యాసంగి వరి అప్పటికి కంకులు వేసి గింజ పాలుపోసికొనుచుండెను. వరిపైరు శాసనములను చదువదు. పండిన దినమున కోయనిచో గింజ రాలును. ఈ సంగతి నెరిగి కేంద్ర ప్రభుత్వము మార్చి 27వ తేదీననే వ్యవసాయపు పనులను, ధాన్యపు కొనుగోళ్లను ఆంక్షలనుండి మినహాయించెను. రాష్ట్ర ప్రభుత్వము రైతులను పట్టణపు మార్కెట్లకు రానీయక, ధాన్యమును గ్రామములలోనే కొనుటకు నిశ్చయించెను. సహకార సంఘములును మహిళా సంఘములును కేంద్రములు నడపగా, ఏ రైతు ఏ దినమున రావలెనో తెలుపు కూపన్లు పంచిరి. ఆ సీజనులో క్వింటాలు ఒకటికి ఏ గ్రేడు రకమునకు 1,835 రూపాయలును, సాధారణ రకమునకు 1,815 రూపాయలును మద్దతు ధర. తేమ నూటికి 17 మించరాదు.

ఇంతలో మన జిల్లా కేంద్రమైన సూర్యాపేటలోనే వ్యాధి ప్రబలినది. అక్కడి కూరగాయల బజారు పరిసరములనుండి అది పలువురకు సోకినట్లు తేలెను. ఏప్రిలు నెల ముగియులోపల జిల్లాలో వ్యాధిగ్రస్తుల సంఖ్య 80 దాటినది. రాష్ట్ర ప్రధాన కార్యదర్శియు పోలీసు డైరెక్టర్ జనరలును స్వయముగా వచ్చి చూచిరి. మే నెల మొదట కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన జాబితాలో తెలంగాణలోని ఆరు ఎఱ్ఱ మండల జిల్లాలలో సూర్యాపేటయు నొకటి. కేంద్రము ఏప్రిల్ 20 నుండి కొన్ని సడలింపులకు వీలు కల్పించినను మన రాష్ట్రము మే 7 వరకు ఆగినది. ఆ పిమ్మట మే 29 వరకు పొడిగించినది. రాష్ట్రములో మే 6న సారా దుకాణములు తెరచినప్పుడు వాని ముందు సున్నముతో గీచిన వలయములను పత్రికలలో చూచియుందురు. సీసా కొరకు వలయములో నిలువగలిగిన మనుష్యుడు బస్తా కొరకు నిలువలేడా యని నేను పలువురి నడిగితిని.

అయితే వలయములు గీచినంతమాత్రమున ధాన్యపు కేంద్రమున ఎడము నిలువదు. ఎందుచేతనో లెక్కతో చూపెదను. ఒక కాంటాయొద్ద నిమిషమునకొక బస్తా చొప్పున తూచుదురనుకొందము. దినమునకు పది గంటలు పనిచేసినచో 600 బస్తాలు. బస్తా 40 కిలోలు గనుక ఇది 240 క్వింటాళ్లు. రైతొక్కనికి 200 బస్తాల ధాన్యమున్నదనుకొన్నచో ఆ కాంటా దినమునకు ముగ్గురు రైతుల పని మాత్రమే ముగింపగలదు. ఆ కేంద్రమునకు 60 మంది రైతులున్నచో పని ముగియుటకు 20 దినములు పట్టును. అరువదిమందియు మొదటి దినముననే ధాన్యము తెచ్చి, తోడుగా నొక్కొక్కరిని గూడ తెచ్చుకొన్నచో, 120 మంది ఒకే ఆవరణములో పడియుందురు. ఇంత గుంపులో కాంటా ఒక్క బస్తాయైనను హెచ్చుగా తూచదు. వంతు ప్రకారము వచ్చినచో ఆ దినము తూచు ముగ్గురు, మరునాటికి రాశి పోసికొను ముగ్గురు, వారి తోడువారు, కలిసి పండ్రెండుమంది. ధాన్యమంతే, కాంటా అంతే, ముగియు దినమును అదే. గుంపులో పదవవంతు చాలినది.

కావున ఎడమనగా గజములలో కొలుచునది మాత్రమే కాదు. దినములలోను గంటలలోను గూడ కొలువవలెను. నేటి రైతునకును రేపటి రైతునకును నడుమ ఒక రాత్రి ఎడము. దీనికి మించిన యెడమును ఏ సున్నపు గీతయు కల్పింపజాలదు.

ఇట్టి వంతు మనకు క్రొత్తది గాదు. సాగరు కాలువలో నీరు తక్కువయైన యేడు వంతులవారీగా నీరు వదలుదురు. నీరటికాడు చెప్పిన దినమున మడిగట్టు విప్పుదుము. నీటికి చేయునదియే కాంటాకు చేయవలెను. కాని నీటివంతున లేని చిక్కొకటి ధాన్యపు వంతున నున్నది. యంత్రముతో కోసిన పచ్చి ధాన్యములో తేమ 17కంటె చాల హెచ్చు. దానిని కొన్ని దినములు ఎండబెట్టక కాంటా ఎక్కించుటకు వీలులేదు. కూపను తూకమునకు మాత్రమే యిచ్చినచో, యంత్రము దొరికిన దినమున కోసిన రైతు పచ్చిధాన్యమును నేరుగా కేంద్రమునకే తెచ్చి, అక్కడనే ఆరబోసి, రాత్రులు కావలి పండుకొనును. గుంపు పుట్టునది ఇక్కడనే. అందుచేత వంతును తూకమునుండి వెనుకకు లెక్కించి కోతకే ఈయవలెను: మే 10న తూకమైనచో, నాలుగైదు దినములు ఆరుటకు విడిచి, మే 5న కోత. కోతయంత్రముల యజమానులను పిలిచి ఈ జాబితా వారికి గూడ నొక ప్రతి యీయవలెను. వారు సంఘముతో కలిసిరాక డబ్బు ముందిచ్చినవాని చేనికే పోయినచో మన కూపన్లు చిత్తుకాగితములగును.

సొంత కల్లము లేని కౌలుదారు మాట యేమని అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. అతడు రోడ్డుమీద ఆరబోయును, లేదా కేంద్రమునకు వచ్చును. అట్టివారి కొరకు కేంద్రపు అంచున చోటు ముందుగానే గుర్తించి, రాశికిని రాశికిని నడుమ నాలుగు గజముల బాట విడువవలెను. మిగిలినవారు తమ కల్లములలోనే యుండినచో ఈ కొద్దిమందికి చోటు చాలును.

వంతు వ్రాయుటకు ముందు గోనెసంచులను లెక్కింపవలెను. 2020లో బెంగాలు దేశపు జనుపనార మిల్లులు మూతపడుటచే సంచులకు కొరత వచ్చినది. సంచులు లేనిచో కాంటా ఆగును. నేటి ముగ్గురు రేపటివారితోను, రేపటివారు ఎల్లుండివారితోను కలిసి, నాలుగు దినములలో వంతంతయు కలగాపులగమగును. లారీల సంగతియు నిట్టిదే. ఉన్న సంచులు, నిశ్చయముగా వచ్చు లారీలు, వీనికి సరిపడినంత మేరకే కూపన్లు వ్రాయుట మంచిది.

హమాలీల విషయము వేరుగా చెప్పవలసియున్నది. ఇద్దరు మనుష్యులు ఒక బస్తా నెత్తుచు ఆరడుగుల ఎడములో నుండుట అసాధ్యము. అసాధ్యమైనదానిని శాసించుట వృథా. దానికి బదులు ఒక జట్టును ఒక కుటుంబముగా నెంచవలెను. ఒక కాంటాకు ఒకే జట్టు. ఆ జట్టువారు మరియొక కాంటాకు పోరాదు. వారి నీళ్లకుండ, సబ్బు, పండుకొను పాక వారివే. ఒకనికి జ్వరము వచ్చినచో ఆ జట్టంతయు పని మానవలెను; మానిన దినములకు కూలిలో కొంతభాగమైనను సంఘమే భరింపవలెను. లేనిచో జ్వరము దాచి పనికి వత్తురు. కడుపు మాడుచుండగా ఎవరు చెప్పుదురు? పనివారు లేక మిల్లులు పడిన యిబ్బంది మనకు తెలిసినదే. 2020 మే 1న దేశములో మొదటి శ్రామిక రైలు మన లింగంపల్లినుండియే కూలీలను జార్ఖండులోని హటియాకు చేర్చినది. వారము తిరుగక ముందే బీహారులోని ఖగడియానుండి మన బియ్యపు మిల్లుల పనికి మనుష్యులు రైలులో రావలసివచ్చినది.

ఇక వ్యాధి తత్త్వము. కరోనా సోకిన నాటినుండి లక్షణములు కనబడుటకు సాధారణముగా ఐదారు దినములు, ఒక్కొక్కప్పుడు పదునాలుగు దినములవరకు పట్టునని మొదటి సంవత్సరమున వైద్యులు గ్రహించిరి. లక్షణములు పైకి కనబడకమునుపే అది ఇతరులకు సోకగలదు. దగ్గునుండి పడు తుంపురులేగాక, గాలియాడని గదిలో ఊపిరితో వెలువడు సూక్ష్మకణములును చాలసేపు తేలుచుండును. కాబట్టి ఎండలో గాలిలో నున్న కాంటాకంటె, చిట్టీలు వ్రాయు చిన్నగది ప్రమాదకరము. మనవారు బయట మాస్కు ధరించి, గదిలోనికి పోగానే మాట వినబడుటకు దానిని క్రిందికి లాగుదురు! వ్రాతబల్లను చెట్టుక్రిందకు తెచ్చి వేయుడు. పట్టాదారు పుస్తకము, బ్యాంకు పుస్తకము, ఆధారు నకలు కూపను ఇచ్చునాడే వ్రాసికొన్నచో తూకము దినమున గదిలో పనియే యుండదు.

సడలించు క్రమమునుగూర్చి 2021 మనకు మంచి పాఠము. ఆ సంవత్సరము మే 12న తెలంగాణలో మరల లాక్‌డౌను విధించి, ఉదయము 6 నుండి 10 గంటలవరకు మాత్రము వెసులుబాటు ఇచ్చిరి. మే 31 నుండి పగలు 1 గంటవరకు, జూన్ 10 నుండి సాయంత్రము 5 వరకు పెంచి, జూన్ 20న పూర్తిగా ఎత్తివేసిరి. వ్యాధి తగ్గని కొన్ని నియోజకవర్గములలో, మన పొరుగుననున్న మిర్యాలగూడతో సహా, జూన్ 10 తరువాతను పాత వేళలనే యుంచిరి. చెరువు తూము నొక్కసారిగా ఎత్తక మెట్టుమెట్టుగా ఎత్తినట్లున్న ఈ క్రమము మెచ్చదగినది. కాని నాలుగు గంటల వెసులుబాటును నేను పూర్తిగా మెచ్చను. పది గంటలలో వచ్చు జనము నాలుగు గంటలలోనికి కుదింపబడినప్పుడు ఎరువుల దుకాణము ముందు గుంపు చిక్కనగును. రాకపోకలు తగ్గును, నిజమే. వచ్చినవారి నడుమ ఎడము గూడ తగ్గును. అట్టి వేళలు విధించినప్పుడు విత్తనములు, ఎరువులు పంచు సంఘము గ్రామమునకొక దినము కేటాయించుట తప్పనిసరి.

సడలింపు అనగా వ్యాధి పోయినదని అర్థము చేసికొని నష్టపడినవారు ఇతర దేశములలోను గలరు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో అమెరికాయందలి శాన్ ఫ్రాన్సిస్కో నగరమువారు నవంబరు 21న మాస్కులు తీసివేసి వీధులలో పండుగ చేసికొనిరి. కొద్దివారములకే వ్యాధి తిరిగి హెచ్చినది. 1919 జనవరిలో మరల మాస్కులు ధరింపుడని శాసింపవలసివచ్చినది. ఒక ఆంక్ష తీసిన ఫలితము రెండు వారములు గడచినగాని కనబడదు. కావున ఒక సడలింపుకును మరియొకదానికిని నడుమ ఆ పదునాలుగు దినములు ఆగి చూడవలెను. ఆరవ దినమున ‘ఏమియు కాలేదు గదా’ యనువారి మాట వినరాదు.

ఇంతయు చెప్పినను రైతు ఒక్క ప్రశ్న అడుగును: నా వంతువరకు నేను ఇంటనుండినచో, నా వంతు నాకు దక్కునా? అకాల వర్షము రాశిమీద పడినచో నష్టము నాది. సంఘపు అప్పు గడువు నాది. పెద్దమనిషి ట్రాక్టరు రాత్రికి రాత్రి ముందునకు వచ్చి నిలుచునని అనుమానమున్న చోట ఏ రైతును ఇంట నిలువడు, రాశిపక్కనే పండుకొనును. వంతు తప్పిన చోట ఎడము నిలువదు. మాస్కునకు జరిమానా వేయవచ్చును గాని, అనుమానమునకు జరిమానా లేదు.

అందుచేత వంతుల జాబితాను కార్యదర్శి బల్లసొరుగులో నుంచరాదు. కోత ఆరంభమునకు పదిదినములు ముందు సభ్యులయెదుట చీట్లు తీసి వరుస నిర్ణయింపవలెను. మూడు ప్రతులు వ్రాయించి ఒకటి పంచాయతీ గోడకును, ఒకటి కాంటాకును, ఒకటి ఎరువుల గోదాము తలుపునకును అంటింపవలెను. వాన సూచన వచ్చినందున, లేక ఒక యింట జ్వరము వచ్చినందున వరుస మార్చవలసినచో, కొట్టివేసిన పేరు చదువుటకు వీలుగా ఒకే గీత గీచి, ప్రక్కన కారణము వ్రాసి, వెనుకకు పోయిన రైతుచేత సంతకమో వ్రేలిముద్రయో తీసికొనవలెను. జ్వరము వచ్చిన యింటివారి ధాన్యమును వారి కల్లమునుండియే సంఘపు ట్రాక్టరు తెచ్చి, వారు లేకుండగనే, ఇద్దరు సభ్యుల సాక్ష్యమున తూచి, చిట్టీ యింటికి పంపవలెను.