పేరును దొంగిలించే విద్య

చౌర్యమనగానే తాళం పగులగొట్టడం, గోడకు కన్నం వేయడం స్ఫురిస్తాయి. నేటి చోరుడు ఇంటిలో అడుగుపెట్టనవసరం లేదు. మొదట ఒక సంస్థ పేరును, ఆ పిమ్మట మన పేరును ఎరువు తెచ్చుకొంటాడు. బ్యాంకు పేరుతో మనకు లేఖ వ్రాస్తాడు. మనమిచ్చిన వివరాలతో, మన పేరుతోనే బ్యాంకును ఆశ్రయిస్తాడు. ఈ రెండవ చర్యయే గుర్తింపు చౌర్యం. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలో, 2008 సవరణ ద్వారా చేరిన 66సి సెక్షను దీనికి మూడేళ్లవరకు కారాగార శిక్షను, లక్ష రూపాయల వరకు జరిమానాను నిర్దేశిస్తున్నది.

ఈ-మెయిలులో పంపినవారి పేరుండే చోట ఎవరు ఏ పేరైనా వ్రాసుకోవచ్చును. ‘ఆదాయపు పన్ను శాఖ’ అని కనిపించినంత మాత్రాన ఆ లేఖ ఆ శాఖదని కాదు. లేఖలోని లింకు ఎక్కడికి తీసుకొనిపోతుందో చూడాలి. అందులోనూ ఒక మెలిక ఉన్నది. పోస్టుకార్డుమీద ఇంటి నంబరు, వీధి, ఊరు, జిల్లా వరుసగా వ్రాస్తాము. ఉత్తరం ఏ దిక్కుకు పోవాలో చెప్పేది మాత్రం చివరి పంక్తి. వెబ్ చిరునామా కూడ అంతే. పేరు తరువాత వచ్చే ఏటవాలు గీతకు ముందున్న భాగాన్ని కుడినుంచి చదవాలి. అది ‘డాట్ గవ్ డాట్ ఇన్’తో ముగిసినచో ప్రభుత్వానిది. దాని వెనుక మరేదో పేరు, డాట్ కామ్ తగిలించి ఉన్నచో ముందున్న అక్షరాలన్నీ అలంకారమే. యజమాని ఆ చివరి పేరువాడు. ఈ గుర్తును సులభం చేయడానికే, బ్యాంకులు 2025 అక్టోబరు 31లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాలకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఏమైనా, లేఖలోని లింకును నొక్కక సంస్థ వెబ్‌సైటును స్వయంగా తెరవడం ఉత్తమం.

కంటిని మోసగించే లేఖ కంటె చెవిని బెదిరించే ఫోను మరింత ప్రమాదకరం. హిందీ పత్రాలను తెనిగించేవారు ‘డిజిటల్ అరెస్టు’కు సమానార్థకం వెతకబోతే, ఆ మాటయే మన చట్టాలలో లేదని తెలుస్తుంది. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగంలో చెప్పినదీ అదే. అయినను వారంటు, గిరఫ్తారీ, జమానత్ వంటి కచేరీ మాటలు గడగడా వినిపించేసరికి, హిందీ అంతగా రాని వృద్ధుడు ఎదురు ప్రశ్న వేయడానికి జంకుతాడు. పరభాషపట్ల మనకున్న బిడియం కూడ మోసగానికి పెట్టుబడి అవుతున్నది. ‘లిఖితపూర్వకంగా, నా భాషలో పంపండి’ అని ఫోను పెట్టివేయడంలో అమర్యాద ఏమీ లేదు.

ఇక ఆధార్ సంగతి. 2018లో తెలంగాణలో భూముల రిజిస్ట్రేషను దస్తావేజులపైని వేలిముద్రలకు నకళ్లు చేసి, వాటితో సిమ్ కార్డులు తీసిన ఉదంతం బయటపడింది. రహస్యపదాన్ని మార్చుకోవచ్చును గాని వేలిని మార్చుకోలేము. కనుక వేలిముద్ర, కనుపాపల గుర్తింపునకు తాళం వేసుకొనే సౌకర్యాన్ని ఆధార్ సంస్థ కల్పించింది, అవసరమైనప్పుడు తీసుకోవచ్చును. ఇతరులకు నకలు ఇచ్చేటప్పుడు, వారు అంగీకరించినచో, 12 అంకెలలో చివరి నాలుగు మాత్రమే కనిపించే ప్రతిని ఇవ్వవచ్చును.

సొమ్ము పోయినదని తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోను చేయాలి. దొంగ ఆ సొమ్మును ఒక ఖాతానుంచి మరొక ఖాతాకు త్వరత్వరగా మార్చుతాడు. ఏదో ఒక ఖాతాలో అది ఇంకా మిగిలి ఉండగానే ఫిర్యాదు అందితే బ్యాంకు దానిని అక్కడ నిలుపగలదు. ఇంటిలో వారికి చెప్పడానికి సిగ్గుపడి ఒక రాత్రి గడిపితే, తెల్లవారేసరికి ఆ ఖాతా ఖాళీ కావచ్చును.