డెబ్బై ఒక్క పరుగుల కాపలా

సూళగిరి,
ఆదివారం రాత్రి

అల్లుడా,

నువ్వు పంపిన వాయిస్ మెసేజీ మూడుసార్లు విన్నాను. ఏడు నిమిషాలు మాట్లాడావు, అందులో ఆరు నిమిషాలు బ్యాటర్లను తిట్టడానికే సరిపోయింది. "ఇంగ నావల్ల కాదు మామా, వేరే టీములోకి పోతాను" అన్నావు చివర్లో. ఫోనులో జవాబు చెప్పబోతే మధ్యలో అడ్డం పడతావు. కాగితానికి అడ్డం పడలేవు కదా, అందుకని రాస్తున్నాను.

నువ్వు చెప్పిన ఆ మ్యాచి నేనూ చూశానప్పా. చింతచెట్టు కింద స్కోరరు పక్కనే కూర్చున్నాను. మనోళ్లు 71కే అయిపోయినారు, నిజమే. నువ్వు చిత్రాన్నం బాక్సు తెరిచి రెండు ముద్దలు తిన్నావో లేదో ఏడో వికెట్టు పడింది. మూత పెట్టేసి, చెయ్యి ప్యాంటుకే తుడుచుకుని ప్యాడ్లు కట్టుకున్నావు. పోయి, మొదటి బంతికే కళ్లు మూసుకుని ఊపి, స్టంపులు ఎగరగొట్టించుకుని వచ్చావు. ఈ ముక్క మాత్రం నీ ఏడు నిమిషాల్లో ఎక్కడా వినపడలేదు.

తర్వాత నీ బౌలింగ్. మొదటి ఓవర్లో ఆరు బంతులూ ఆరు రకాలు. యార్కరు అనుకున్నది ఫుల్‌టాస్ అయింది, బౌన్సరు అనుకున్నది వైడ్ అయింది, స్లో బాల్ వెయ్యబోతే అవతలి బ్యాటరు రోడ్డు వైపు లేపాడు. అసలు నీ బంతి ఏది? గుడ్ లెంగ్త్‌లో పడి ఆఫ్ స్టంపు మీంచి వెంట్రుకవాసి బయటికి పోయేది. దానితోనే గదా ఈ ఏడు పేరు తెచ్చుకున్నావు! ఆ రోజు నాలుగు ఓవర్లలో దాన్ని రెండంటే రెండుసార్లు వేశావు. నేను లెక్కపెట్టాను. ఆ రెండుసార్లూ బ్యాటు అంచు పక్క నుంచే పోయింది. బ్యాటర్లు నీకు తక్కువ పరుగులు ఇచ్చారు సరే, నీ బంతిని నీ చేతిలోంచి ఎవడు తీసేశాడు?

71ని కాపాడాలంటే ప్రతి బంతికీ వికెట్టు పడాలనుకుంటాం. అయినా బ్యాటర్లు కూలి బౌలర్ల మీద బరువు పడటం మన ఊరి టీములకే పరిమితం కాదు.

2023లో ఇండోర్‌లో ఆంధ్రా రంజీ టీము మధ్యప్రదేశ్‌తో క్వార్టర్ ఫైనల్ ఆడింది. హనుమ విహారి మణికట్టు విరిగినా ఎడమచేతి వాటంగా నిలబడి ఆడిన వీడియో నువ్వే నాకు పంపావు. దేశమంతా దాన్నే చూసింది. ఆ వీడియో పక్కన స్కోరుకార్డు పెట్టుకుని చూడు. మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్లు 379 కొట్టారు, బౌలర్లు వాళ్లను 228కి పడగొట్టారు. 151 పరుగుల ఆధిక్యం చేతిలో ఉంది. రెండో ఇన్నింగ్స్‌లో 93కే ఆలౌట్. అంత కష్టపడి పది వికెట్లు తీసిన బౌలర్లు కాళ్లు చాపుకుని కూర్చోకముందే మళ్లీ బూట్లు బిగించుకోవాల్సి వచ్చింది. 245 కావాల్సిన మధ్యప్రదేశ్ అయిదు వికెట్లు పోగొట్టుకుని కొట్టేసింది. బ్యాటర్లు పోగొట్టేది పరుగుల్ని మాత్రమే కాదు, బౌలర్ల విశ్రాంతిని కూడా. అది స్కోరుకార్డులో ఎవడూ రాయడు. నీ కోపంలో న్యాయం ఉన్నది ఇక్కడే.

మరుసటి ఏడాది అదే ఇండోర్‌లో, అదే మధ్యప్రదేశ్‌తో మళ్లీ క్వార్టర్ ఫైనలే. ఈసారి రెండో ఇన్నింగ్స్‌లో వాళ్లను 107కే చుట్టేశారు మన బౌలర్లు. కావాల్సింది 170, చేసింది 165. నాలుగు పరుగులతో పోయింది! ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, మీ అత్తనడుగు.

ఇంగ ఐపీఎల్‌లో మన సన్‌రైజర్స్ హైదరాబాద్ సంగతి. 2018 ఏప్రిల్ 24న వాంఖడేలో ముంబై మీద 118కే ఆలౌట్ అయ్యారు. వాళ్ల మేటి బౌలరు భువనేశ్వర్ ఆ మ్యాచిలో లేడు. నేను టీవీ కట్టేసి పడుకుందామనుకున్నాను. ముంబై 87కే కూలింది. రషీద్ ఖాన్ నాలుగు ఓవర్లలో 11 పరుగులిచ్చి రెండు వికెట్లు తీశాడు. రెండు రోజులకు ఉప్పల్‌లో 132 కాపాడుకుని పంజాబ్‌ను 119కి ఆపారు. వాళ్లు కొత్త మాయలేమీ చెయ్యలేదు. తమకు వచ్చిన బంతిని స్టంపుల మీదికి వేస్తూ పోయారు, తొందరంతా అవతలి వాళ్లకు వదిలేశారు. అట్లాగని ఎప్పుడూ అదే నడవదు. ప్లే ఆఫ్‌లో చెన్నై మీద 139 పెట్టుకుని బాగానే పోరాడారు గానీ, డుప్లెసిస్ నిలబడి రెండు వికెట్ల తేడాతో లాక్కుపోయాడు. ఆ తర్వాతి మ్యాచిలో కోల్‌కతా మీద ఇదే రషీద్ ఆఖర్లో వచ్చి 10 బంతుల్లో 34 కొట్టి, తర్వాత మూడు వికెట్లు తీసి ఫైనల్‌కు తీసుకుపోయాడు. బ్యాటర్లు కొట్టలేదని అలిగి కూర్చోలేదు.

అదే ఏడాది అమెరికాలో బేస్‌బాల్ ఆటగాడు ఒకడు నీలాగే ఇరుక్కున్నాడు. న్యూయార్క్ మెట్స్ పిచర్ జేకబ్ డిగ్రామ్. పిచర్ అంటే మన బౌలరే అనుకో. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.70 పరుగులే ఇచ్చాడు. అయినా అతని ఖాతాలో 10 గెలుపులు, 9 ఓటములు. వాళ్ల ఆటలో గెలుపోటములు పిచర్ పేరు మీద రాస్తారు మరి. తన జట్టోళ్లు కొట్టకపోతే అతనేం చేస్తాడు? కానీ అతను తన బంతిని మార్చుకోలేదు. ఆ ఏడు అక్కడి పెద్ద బహుమతి సై యంగ్ అవార్డు అతనికే ఇచ్చారు. వాళ్ల లీగులో అప్పట్లో పిచర్లు కూడా బ్యాటు పట్టేవాళ్లు, 2022 నుంచి ఆ బాధ లేదు. నీకు మాత్రం ఉంది, గుర్తుపెట్టుకో.

నా సంగతొకటి చెప్తాను, నవ్వొద్దు. హోసూరులో ఒక కంపెనీ టీముకు ఆడే రోజుల్లో మేం 58కి ఆలౌటయి ఓడిపోయాం. ఆ కోపంతో మా ఓపెనరుతో ఒక సీజనంతా మాట్లాడలేదు. టీ ఇస్తే కూడా వేరే వాళ్ల చేతిమీదుగా తీసుకునేవాణ్ణి. రెండేళ్లకు తెలిసింది, వాడు థర్డ్ షిఫ్టు ముగించుకుని గేటు నుంచి నేరుగా గ్రౌండుకు వచ్చేవాడని. నిద్ర లేని కళ్లతో కొత్త బంతిని ఎదుర్కొన్నాడు. నేను అడగనూ లేదు, వాడు చెప్పనూ లేదు. నీ ఓపెనర్లు ఏ షిఫ్టులో ఉన్నారో నీకు తెలుసా?

ఇంకో మాట, ఇది నీకు కొంచెం మంట పుట్టిస్తుంది. నెట్స్‌లో నువ్వు ఏం చేస్తావు? ఒక మూలన ఒంటి స్టంపు పాతుకుని కొత్త బంతితో నీ ప్రాక్టీసు నువ్వు చేసుకుంటావు. మీ బ్యాటర్లకు పిల్లోళ్లు పాత బంతి విసురుతుంటారు. అంటే మీ వాళ్లు కదిలే బంతిని చూసేది నేరుగా మ్యాచి రోజే! మన చుట్టుపక్కల నీ అంత మంచి బౌలరు లేడని నువ్వే చెప్పుకుంటావు, ఆ మంచి బౌలింగు మీ బ్యాటర్లకు ఒక్కరోజైనా దక్కిందా? కొత్త బంతి ఖరీదు నాకూ తెలుసు. పది ఓవర్లు ఆడిన బంతిని దాచిపెట్టు, దానితో వాళ్లకు వెయ్యి. ఔట్ చేసి ఎగతాళి చెయ్యొద్దు. ఎక్కడ పడితే వదిలెయ్యాలో చెప్పు.

ఆ తర్వాత ప్యాడ్లు కట్టుకుని నువ్వూ ఒక పావుగంట ఆడు. తొమ్మిదో నంబరోడు పదిహేను పరుగులు చేస్తే 71 కాస్తా 86 అవుతుంది. ఆ పదిహేను పరుగులు నీ మొదటి స్పెల్లుకు ఊపిరి.

టీము మారేది లేనిది నీ ఇష్టం. నీకూ ఇరవై రెండేళ్లు వచ్చినాయి. కానీ పోయిన చోట కూడా ఏదో ఒకరోజు 71కి ఆలౌటవుతారు. అక్కడ నిన్ను చూసి లెక్కపెట్టడానికి నేను ఉండను.

బుధవారం సాయంత్రం అయిదున్నరకు నెట్స్ దగ్గరికి వస్తాను. నా దగ్గర పాత లెదర్ బంతులు రెండున్నాయి, సీము ఇంకా నిలబడే ఉంది. ఓపెనర్లు ఇద్దరినీ పిలిచిపెట్టు. అయిపోయినాక అందరూ మనింటికి రండి. మీ అత్త రాగిముద్దా ఉలవచారూ చేస్తానంది. ఎంతమందో ముందే ఫోను చేసి చెప్పు.

ఇట్లు,
మీ మామ