మామిడి కొమ్మ మీది ఆర్కిడ్‌ని బదనిక అనుకుని కొట్టేయకండి



కిందటి వీడియోలో అనంతగిరి వైపు ఒక తోటలో, పాత మామిడి కొమ్మ మీద పూసిన మొక్కని చూపించాను కదా. పసుపు రేకుల మీద గోధుమ రంగు గళ్లు, మధ్యలో ఊదా రంగు. "అది బదనిక, కొట్టేయండి" అని చాలామంది అన్నారు. డిప్లొమా చదివే రోజుల్లో నేనూ అలాగే అనుకుని రెండు కొమ్మలు కొట్టించాను. అది బదనిక కాదు, వాండా టెస్సెల్లేటా అనే ఆర్కిడ్. దీని వేర్లని రాస్నా పేరుతో మందుకి వాడతారు, అందుకే అడవిలో పీకేస్తుంటారు.

తేడా ఎలా తెలుస్తుంది?

బదనిక కొమ్మ లోపలికి దిగి రసం పీలుస్తుంది. ఆర్కిడ్ వేర్లు తెల్లగా, లావుగా తాళ్లలా ఉంటాయి. బెరడుని పైపైన పట్టుకుంటాయి, అంతే. చెట్టు తిండి తినవు.

విత్తనం ఎందుకు మొలవదు?

ఒక్క కాయలో దుమ్ములాంటి విత్తనాలు వేల నుంచి లక్షల దాకా ఉంటాయి. వాటిలో మొలకకి కావాల్సిన తిండి ఉండదు. బెరడులో ఉండే ఒక రకం శిలీంధ్రం తిండి అందిస్తేనే మొలుస్తాయి. నేను ఒకసారి జీవామృతం కలిపిన మట్టిలో చల్లి చూశాను, ఒక్కటీ రాలేదు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ అనే శాస్త్రవేత్త, శిలీంధ్రం లేకుండానే చక్కెర, లవణాలు కలిపిన అగార్ మీద వీటిని మొలిపించారు. ఇప్పటి ల్యాబ్‌ల పద్ధతికి పునాది అదే. పగలని పచ్చి కాయని పైన శుద్ధి చేసి, సూక్ష్మజీవులు చేరని చోట కోసి, సీసాలో విత్తుతారు. ముందు ఆకుపచ్చ గుళికలు, తర్వాత ఆకు, వేరు వస్తాయి. ఆ తర్వాత బొగ్గు, కొబ్బరి పీచులో పెట్టి మెల్లగా బయటి గాలికి అలవాటు చేస్తారు.

జి-9 అరటిలా చిగురు నుంచి పెంచితే అన్నీ ఒకే రకం మొక్కలు వస్తాయి. విత్తనం నుంచి పెంచితే దేశీ విత్తనంలాగే వైవిధ్యం నిలుస్తుంది. అందుకే అరుదైన జాతులకి విత్తనం దాచడం ముఖ్యం.

గడ్డకట్టించి దాచడం

గోపాలమిత్ర తెచ్చే ద్రవ నత్రజని క్యాన్ మీకు తెలుసు, వీర్యం స్ట్రాలు అందులోనే ఉంటాయి. ఇదీ అంతే, మైనస్ 196 డిగ్రీలు. తడి ఉంటే మంచు ముక్కలు కణాలని చీల్చేస్తాయి. అందుకే విత్తనాన్ని బాగా ఆరబెట్టి పెడతారు. చిగుళ్లయితే గ్లిసరాల్, చక్కెర లాంటి ద్రావణాల్లో ఉంచి వేగంగా చల్లబరుస్తారు. ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థలో ఇలాంటి బ్యాంకు ఉంది.

మన పని

ల్యాబ్ మొక్కని తెచ్చి చెట్టుకి కట్టినా, దాని విత్తనం మొలవాలంటే బెరడులో శిలీంధ్రం బతికి ఉండాలి. కాబట్టి:

1. ఆర్కిడ్ ఉన్న పాత కొమ్మని కొట్టకండి.
2. ఆ కొమ్మ మీద బోర్డో మిశ్రమం, శిలీంధ్ర నాశకాలు పడనివ్వకండి.
3. కొమ్మ విరిగి పడితే, మొక్కని పక్క చెట్టుకి నారతో కట్టండి. మట్టిలో పాతకండి.
4. అడవి నుంచి పీకి తెచ్చి అమ్మేవి కొనకండి.

వచ్చే వీడియోలో బదనిక వేరు, ఆర్కిడ్ వేరు పక్కపక్కన పెట్టి చూపిస్తాను. మీ చెట్టు మీద ఇలాంటిది ఉంటే, కత్తి తీసే ముందు ఒక ఫోటో తీసి పంపండి.