పట్టా ఎవరి పేరున?

పొలంలో కలుపు తీసేది ఎవరు? పాలు పితికేది ఎవరు? పేడ ఎత్తేది, కోతకు వచ్చినవాళ్లకు అన్నం వండేది ఎవరు? మనమే గదా. మరి పట్టాదారు పాస్ పుస్తకంలో ఎవరి పేరు ఉంది?

ఈ ప్రశ్న మన ఊళ్లోనే కాదు, చాలా దూరాన ఉన్న కెనడా దేశంలో కూడా పుట్టింది. అక్కడి రైతు ఆడవాళ్లు దీని కోసం ఎన్నో ఏళ్లు కొట్లాడారు. వాళ్ల సంగతి తెలుసుకుందాం.

కెనడా అమెరికాకు ఉత్తరాన ఉంది. చలి దేశం. అందులో ఒక పెద్ద మైదానం ఉంది. చెట్లు తక్కువ. ఎటు చూసినా గడ్డే. దాన్ని ప్రేరీ అంటారు. ప్రేరీలో మూడు రాష్ట్రాలున్నాయి. అవి మానిటోబా, సస్కాచెవాన్, ఆల్బర్టా. పేర్లు పలకడం కష్టంగా ఉందా? కూడబలుక్కుని చదవండి. స-స్కా-చె-వాన్. రెండోసారికి వచ్చేస్తుంది.

ఆ నేల ఊరికే పడి లేదు. అక్కడ క్రీ మొదలైన జాతుల జనం ఉండేవారు. అడవి దున్నల్ని వేటాడి బతికేవారు. వేట ఎక్కువై దున్నలు దాదాపు అంతరించిపోయాయి. జనం ఆకలి పాలయ్యారు. ఆ రోజుల్లో సర్కారు వాళ్లతో ఒప్పందాలు చేసుకుంది. 1874లో చేసిన ఒప్పందంలో ఐదుగురున్న ఇంటికి 640 ఎకరాల లెక్కన నేల విడిచింది. మిగతా నేలంతా సర్కారుదే అయింది. క్రీలు సేద్యం నేర్చుకున్నారు. పంట బాగా తీశారు. కానీ 1889 నుంచి కొన్నేళ్లు, వాళ్లు యంత్రాలు వాడకూడదు, చేతి పనిముట్లతోనే చెయ్యాలి అని అధికారులు కట్టడి పెట్టారు. పక్కనే కొత్తగా వచ్చిన రైతులకు మాత్రం ఏ కట్టడీ లేదు. ప్రేరీ కథ చెప్పేటప్పుడు చాలామంది ఈ సంగతి దాటేస్తారు.

ఇక కొత్త రైతుల సంగతి. 1872లో ఒక చట్టం వచ్చింది. 10 డాలర్లు రుసుం కడితే 160 ఎకరాలు ఇస్తారు. మూడేళ్లు అక్కడ కాపురం ఉండాలి. ఇల్లు వేసుకోవాలి. కొంత నేల దున్నాలి. అప్పుడు పట్టా వస్తుంది. 1885లో దేశం ఈ కొస నుంచి ఆ కొసకు రైలు పడింది. తర్వాత జనం తండోపతండాలుగా వచ్చారు. ఇంగ్లండు నుంచి, అమెరికా నుంచి, యుక్రెయిన్ నుంచి వచ్చారు.

కానీ చట్టంలో ఒక మెలిక ఉంది. 1876లో దాన్ని మార్చారు. 18 ఏళ్లు నిండిన ప్రతి మగవాడికీ భూమి ఇస్తారు. పెళ్లి కాని ఆడమనిషికి ఇవ్వరు. మొగుడున్న ఆడమనిషికీ ఇవ్వరు. మొగుడు చనిపోయి, పిల్లల్ని తానే సాకుతుంటే అప్పుడు ఇస్తారు. అంటే పట్టా రావాలంటే ముందు మొగుడు పోవాలి! సరిహద్దు అవతల అమెరికాలో అట్లా కాదు. అక్కడ పెళ్లికాని ఆడవాళ్లు కూడా భూమి తీసుకోవచ్చు.

పట్టా లేదు గానీ పనికి మాత్రం లోటు లేదు. కట్టెలు దొరకని చోట కొందరు మట్టి పెళ్లలతో ఇల్లు కట్టారు. గడ్డి వేళ్లతో బిగుసుకుపోయిన నేలను నాగలితో పెళ్లలుగా కోసి, ఇటుకల్లా పేర్చేవారు. వాన వస్తే కప్పు కారేది. వాన వెలిసినా లోపల బురద చుక్కలు పడుతూనే ఉండేవి. యుక్రెయిన్ ఆడవాళ్ల పద్ధతి వేరు. మట్టిలో గడ్డి కలిపి, కాళ్లతో తొక్కి, చేతులతో గోడలకు మెత్తేవారు. పైన సున్నం కొట్టేవారు. ఈ పని మనకు తెలిసిందే కదా! మగవాళ్లు డబ్బు కోసం రైలు పట్టాల పనికి, గనులకు పోయేవారు. నెలల తరబడి రారు. పసిపిల్లలతో, పశువులతో ఆమె ఒక్కతే ఉండేది. చలికాలంలో నీళ్లు గడ్డకట్టే చలి కన్నా 40 డిగ్రీలు కిందికి పోతుంది. పక్కిల్లు మైలు దూరం. కాన్పు వస్తే డాక్టరు అందడు. ఇరుగుపొరుగు అమ్మలే మంత్రసానులు.

నూర్పిడి రోజులు వస్తే మరీ కష్టం. నూర్పిడి యంత్రం ఒక పొలం నుంచి ఇంకో పొలానికి తిరిగేది. దాని వెంట 20 మంది దాకా కూలీలు. వాళ్లందరికీ మూడు పూటలా వండాలి. మధ్యలో పొలానికి తిండి, టీ మోయాలి. తెల్లవారకముందే పొయ్యి రాజెయ్యాలి.

వాళ్ల ముఖ్య పంట గోధుమ. అక్కడ ఎండాకాలం చాలా చిన్నది. పంట పండేలోగా మంచు పడి పాడయ్యేది. 1909 నుంచి మార్క్విస్ అనే కొత్త రకం రైతులకు అందింది. అది కొన్ని రోజులు ముందే కోతకు వస్తుంది. ప్రేరీ బాగుపడింది దానితోనే. దాని తల్లి ఎవరో తెలుసా? మన దేశపు గోధుమే! దాని పేరు హార్డ్ రెడ్ కలకత్తా.

మళ్లీ పట్టా దగ్గరికి వద్దాం. 1905లో జార్జీనా బిన్నీ-క్లార్క్ అనే ఇంగ్లీషు ఆవిడ సస్కాచెవాన్‌కు వచ్చింది. పెళ్లి కాలేదు. సేద్యం చేస్తానంది. ఆడదానివి, భూమి ఇవ్వం అన్నారు. చుట్టుపక్కల మగవాళ్లకు 10 డాలర్లకే 160 ఎకరాలు వచ్చింది. ఆమె 320 ఎకరాలకు 5,000 డాలర్లు పెట్టి కొనుక్కుంది. అప్పుల పాలైంది. అయినా పొలం వదల్లేదు. రాజధానికి పోయి మంత్రినే అడిగింది. పని కాలేదు. తన జమాఖర్చులన్నీ రాసి 1914లో పుస్తకం వేసింది.

1913లో ఆడవాళ్లకు భూమి ఇవ్వాలని 11,000 పైగా సంతకాలతో అర్జీ పెట్టారు. సర్కారు వినలేదు. ఆ అర్జీలో ఒక లోపం కూడా ఉంది. బ్రిటిషు ఆడవాళ్లకే భూమి ఇవ్వమని అడిగారు. గోడలు మెత్తిన యుక్రెయిన్ ఆడవాళ్లను వదిలేశారు. క్రీ ఆడవాళ్ల మాట అసలే లేదు. 1930లో ఆ భూములు రాష్ట్రాల చేతికి పోయాయి. అప్పటిదాకా చట్టం మారలేదు.

అయితే అన్నీ ఓటమిలే కాదు. ఇంతకుముందు మొగుడు ఇల్లూ పొలమూ అమ్మి చక్కా పోతే భార్య నోరెత్తలేకపోయేది. 1915లో సస్కాచెవాన్‌లో చట్టం వచ్చింది. కాపురమున్న భూమిని భార్య సంతకం లేకుండా అమ్మకూడదు. 1916లో మూడు ప్రేరీ రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లకు ఓటు వచ్చింది. కెనడాలో అందరికన్నా ముందు ఓటు తెచ్చుకున్నది ఈ మూడు రాష్ట్రాల ఆడవాళ్లే. కానీ ఒప్పందం కింద ఉన్న ఆదివాసీ ఆడవాళ్లకు ఆ ఓటు లేదు.

తర్వాత 1930ల్లో కరువు వచ్చింది. ధర పడిపోయింది. వానలు లేవు. మట్టి గాలికి లేచిపోయింది. పట్టపగలే దీపం పెట్టుకోవాల్సి వచ్చింది. 1937 జూలైలో 45 డిగ్రీల ఎండ కాసింది. తూర్పు రాష్ట్రాల వాళ్లు సాయంగా ఉప్పు చేపలు పంపారు. సముద్రం మొహం చూడని ఆడవాళ్లకు వాటిని ఎట్లా వండాలో తెలియలేదు! పిండి సంచుల గుడ్డతో పిల్లలకు బట్టలు కుట్టి ఆ రోజులు దాటించారు.

ఇక ఐరీన్ మర్డోక్ సంగతి. ఆమెది ఆల్బర్టా. 1943లో పెళ్లయింది. మొగుడు ఏడాదికి ఐదు నెలలు వేరే పనికి పోయేవాడు. గడ్డి కోసింది, ట్రాక్టరు తోలింది, పశువులకు టీకాలు వేసింది, గుర్తులు కాల్చింది. 25 ఏళ్లు ఇదే పని. 1968లో కాపురం విడిపోయింది. పశువుల పొలంలో తనకూ వాటా ఉందని ఆమె కోర్టుకు పోయింది. 1973లో దేశపు పెద్ద కోర్టు తీర్పు ఇచ్చింది. ఈ పని ఏ రైతు భార్య అయినా చేసేదే, దీనితో వాటా రాదు అంది. ఐదుగురు జడ్జీల్లో ఒక్కరే ఆమె పక్షం.

దేశమంతటా ఆడవాళ్లు మండిపడ్డారు. ఈమెకు జరిగింది రేపు మనకూ జరగదా అనుకున్నారు. సభలు పెట్టారు. ఎన్నికైనవాళ్లను నిలదీశారు. 1978లో సస్కాచెవాన్ రైతు భార్య హెలెన్ రాత్‌వెల్ అదే కోర్టులో సగం వాటా గెలిచింది. ఆమెకు మొగుడితో కలిసి ఒకే బ్యాంకు ఖాతా ఉంది. ఆ ఖాతా డబ్బుతోనే భూమి కొన్నారు. అది ఆమెకు గట్టి ఆధారమైంది. 1978లో ఆల్బర్టాలో, 1979లో సస్కాచెవాన్‌లో కొత్త చట్టాలు వచ్చాయి. కాపురం విడిపోతే ఆస్తిలో భార్యకూ వాటా ఇవ్వాలి. పట్టా ఎవరి పేరున ఉన్నా సరే.

కెనడాలో ఐదేళ్లకొకసారి పొలాల లెక్క రాస్తారు. 1991కి ముందు ఆ కాగితం మీద ఒక్కో పొలానికి ఒక్క రైతు పేరే రాయాలి. ఆ పేరు మామూలుగా మొగుడిదే. 1991 నుంచి ముగ్గురి దాకా రాయవచ్చు అన్నారు. 2021 లెక్కలో ప్రతి 10 మంది రైతుల్లో ముగ్గురు ఆడవాళ్లు.