నల్లికాటు – నిదాన పరివర్జనమే చికిత్స

అపార్టుమెంటు మారిన కొద్ది దినములకే ఒంటిపై దద్దుర్లు లేచి, "నీరు పడలేదు" అంటూ నా వద్దకు వచ్చువారు పలువురు. శీతపిత్తమని తలచి మందు మ్రింగుటకు ముందు పరుపును పరీక్షింపుడు.

శీతపిత్తపు దద్దు కొన్ని గంటలలో అణగి, వేరొకచోట లేచును. నల్లికాటు నిద్రలో కప్పుకొనని చేతులు, మెడ, కాళ్లపై తరచు వరుసగా కనిపించి, కొన్ని దినములు నిలుచును. పరుపు కుట్లలో నల్లని చుక్కలు, దుప్పటిపై నెత్తుటి మరకలు ఉన్నచో సందేహము తీరినట్లే.

సంస్కృతమున మత్కుణమనబడు ఈ కీటకము ఆహారము లేకయే నెలల తరబడి జీవింపగలదు. కావున చిరకాలము ఖాళీగా నున్న ఇంటిలోను నల్లులుండవచ్చును. వ్యాధికి కారణమును తొలగించుట, అనగా నిదాన పరివర్జనము, చికిత్సలో మొదటి మెట్టు. అది ఇట్లు చేయవలెను:

1. దుప్పట్లు, గలీబులు 60 డిగ్రీల వేడినీట ఉతకవలెను.

2. మంచము విడదీసి, సందులలో సలసల కాగిన నీరు పోయవలెను.

3. పరుపు కుట్లను గట్టి బ్రష్షుతో దులిపి, జిప్పుగల తొడుగు వేయవలెను. ఎండ వేడి పరుపు లోపలికి చేరదు గనుక ఎండబెట్టుట ఒక్కటే చాలదు.

4. గ్రుడ్లు సుమారు 6 నుండి 10 దినములలో పొదుగును. అందుచే వారమునకొకసారి, కనీసము నెల దినములు ఇట్లే చేయవలెను.

5. గోడ పగుళ్లను పూడ్చి, ఇరుగుపొరుగు వాటాలవారికి తెలుపవలెను. సిగ్గుపడి దాచినచో అవి మరల వచ్చును.

పరుపు క్రింద వేపాకు, వావిలాకు పరచు ఆచారము మంచిదే గాని, దానితోనే నల్లులు నశింపవు. పసిబిడ్డలు పరుండు పరుపుపై పురుగుమందు చల్లుట, కిరోసిన్ పూయుట మాత్రము కూడదు. ఒకటి విషము, మరొకటి అగ్నిభయము.

దురదకు చన్నీటితో కడిగి, అరగదీసిన మంచిగంధము పూయుడు. గోకినచో పుండు పడును. ముఖము వాచినను, ఊపిరి ఆడకున్నను తక్షణమే ఆసుపత్రికి వెళ్లవలెను.