ప్రవేశిక వ్రాయుట, తగవు తీర్చుట

పలువురు కూడి వ్రాయు విజ్ఞాన సర్వస్వములలో మన మెఱిగినది వికీపీడియా. తెలుగున ఇది 2003 డిసెంబరులో ఆరంభమైనది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు ఆయనయే సంపాదకుడు. ఏది ఉంచవలెనో ఆయన నిర్ణయించెడివారు. ఇందు అట్టివారు లేరు. ఎవరైనను వ్రాయవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును. కావున తగవులు వచ్చుచుండును. అవియు తఱచుగా ప్రవేశిక యొద్దనే వచ్చును. పాఠకులు పెక్కుమంది అంతవఱకే చదివి విడుతురు గదా!

మన యానామునే తీసికొందము. ఒక బాలుడు “యానాము 1954లో భారతదేశమున కలిసెను” అని ప్రవేశికలో వ్రాసెననుకొందము. ఒక బాలిక దానిని 1962గా దిద్దెను. అతడు మరల 1954 చేసెను, ఆమె మరల 1962 చేసెను. పాఠకునికి దీనివలన లాభము సున్న. వ్యాసపు చరిత్రపుటలో మాత్రము పాత ప్రతులన్నియు నిలిచి, ఈ కలహము లోకమునకెల్ల కనబడుచుండును.

ప్రతి వ్యాసమునకును చర్చాపుట యొకటి కలదు. వారిరువురును అచటికి పోవలెను. “నీ కేమి తెలియును?” అని కాక, “నీ ఆధార మేది?” అని అడుగవలెను. అడిగినచో తేలున దిది: 1954 జూన్ 13న విలీనవాదులు యానామును స్వాధీనపఱచుకొనిరి. ఆ యేటి నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహె, యానాముల పరిపాలన ఫ్రెంచివారినుండి భారత ప్రభుత్వమునకు వచ్చెను. అప్పగింత సంధిపై 1956 మే 28న సంతకములు జరిగినను, అది చట్టరీత్యా అమలైనది 1962 ఆగస్టు 16న. ఇరువురును అసత్యము వ్రాయలేదు. “కలిసెను” అను ఒక్క మాట రెండు సంగతులను కప్పివేసినది. రాజీపేరిట నడుమనున్న 1958ని వ్రాయువారుండరు గదా! మాటను విప్పి చెప్పుటయే ఇచట పరిష్కారము.

అప్పుడు ప్రవేశిక ఇట్లుండవచ్చును: “యానాము గౌతమీ గోదావరి యొడ్డున నున్న పట్టణము; పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోని ఒక జిల్లా. దీని చుట్టును ఆంధ్రప్రదేశ్ కలదు. ఫ్రెంచివారి ఏలుబడిలో నుండిన ఈ యూరి పరిపాలన 1954 నవంబరు 1న భారత ప్రభుత్వమునకు వచ్చెను. చట్టబద్ధమైన అప్పగింత 1962 ఆగస్టు 16న జరిగెను. 2011 జనగణన ప్రకారము జనసంఖ్య 55,626.”

యానామును చూడని అనంతపురపు పిల్లవానికి ఇది చాలును. పుదుచ్చేరి మాట మొదటి వాక్యముననే రావలెను; లేనిచో మనయూరు ఆంధ్రప్రదేశ్‌లోనిదే యని అతడు తలంచును. జూన్ 13 నాటి కథ వ్యాసము లోపల విపులముగా రావలెను. “సుందరమైన”, “సుప్రసిద్ధమైన” అను విశేషణములను, మనయూరే యైనను, కొట్టివేయుదము.

ఒక్క నియమము మాకును కష్టముగనే తోచును. తాతగారు ఆనాటి సంగతి కన్నులార చూచితినని చెప్పినను, ప్రచురితము కాని మాటను వికీపీడియా ఆధారముగా గ్రహింపదు. 1954లో పదేండ్ల బాలుడు నేడు ఎనుబది దాటిన వృద్ధుడు. తలిదండ్రులారా, ఇంటనున్న పాత పత్రికలను, కరపత్రములను పాఱవేయకుడు. పెద్దల మాటలను తేదీతో, పేరుతో పిల్లలచే వ్రాయించి మా పత్రికకు పంపుడు. అచ్చైన పిదప అవి ఆధారములగునో కావో, వారే చర్చాపుటలో వాదించుకొందురు.